ఒక్కసారి దగ్గించి చూడండి: పొట్ట ఆపరేషన్లు చేసే డాక్టర్లకు బహిరంగ లేఖ

పొట్ట ఆపరేషన్లు చేసే సర్జన్లకు, వాళ్లతోపాటు థియేటర్లో ఉండే మత్తు డాక్టర్లకు, ఆ తర్వాత రాత్రంతా పేషెంట్లను కనిపెట్టుకుని ఉండే సిస్టర్లకు, బ్రదర్లకు నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టుని. మీరు ఆపరేషన్ చేసి పంపిన మర్నాడు పొద్దున్నే పేషెంటు మంచం దగ్గరికెళ్లి "గట్టిగా గాలి పీల్చండి, దగ్గండి, లేచి కూర్చోండి" అని వెంటపడేది నేనే. పదహారేళ్లుగా ఇదే పని. నేను వస్తున్నానని తెలియగానే కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకునేవాళ్లను ఎంతోమందిని చూశాను. వాళ్ల తప్పేమీ లేదు. దగ్గితే కుట్లు తెగిపోతాయేమో అన్నంత నొప్పి వాళ్లది. ఆ నొప్పి గురించి, దానివల్ల సగంలో ఆగిపోయే ఊపిరి గురించి మీతో చెప్పుకోవాలనే ఈ ఉత్తరం.

కొన్నేళ్ల కిందటి సంగతి ఒకటి చెబుతాను. అరవై దాటిన పెద్దాయన. పేగుకు ఆపరేషన్ అయింది. రొమ్ము ఎముక కింద మొదలై బొడ్డు దాటేదాకా నిలువు కోత. మర్నాడు ఉదయం నేను వెళ్లేసరికి వెల్లకిలా, కదలకుండా పడుకుని ఉన్నారు. చార్టులో నొప్పి గడిలో పదికి రెండు అని రాసి ఉంది. "నొప్పి ఎలా ఉందండీ?" అంటే "పర్లేదమ్మా" అన్నారు. మంచం తలవైపు ఎత్తించి, పొట్టకు దిండు అదిమి పట్టించి, దగ్గమన్నాను. రెండు చేతులతో దిండును గట్టిగా పట్టుకుని నోరు తెరిచారు. గొంతులోంచి 'హుఁ' అని చిన్న చప్పుడు వచ్చింది, అంతే. నుదుట చెమట పట్టింది. కళ్ల చివర నీళ్లు తిరిగాయి. "ఇంక నావల్ల కాదు తల్లీ" అన్నారు. వీపు కిందివైపు స్టెతస్కోపు పెడితే రెండు పక్కలా గాలి వెళ్తున్న చప్పుడు దాదాపు లేదు.

ఫైల్లో రాశాను. డ్యూటీ డాక్టరు గారికి చెప్పాను. "నొప్పి రెండే ఉంది కదా" అన్నారాయన. మూడో రోజుకు జ్వరం, ఆయాసం, పడిపోతున్న ఆక్సిజన్, ఐసీయూ. బతికి బయటపడ్డారు కానీ అందుకు పన్నెండు రోజులు పట్టింది. ఆ మొదటి రోజే నేను ఇంకాస్త గట్టిగా అడిగి ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ చార్టులో ఎవరూ అబద్ధం రాయలేదు. కదలకుండా పడుకుంటే ఆయన నొప్పి నిజంగానే రెండు. దగ్గితే తొమ్మిది. ఆ తొమ్మిదిని రాయడానికి చార్టులో గడి లేదు.

ఇందులో చాలా సంగతులు మీకు నాకన్నా బాగా తెలుసు. కానీ పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. ఆరోగ్యంగా ఉన్న మనిషి తనకు తెలియకుండానే గంటకు పది పన్నెండు సార్లు పెద్ద ఊపిరి తీస్తాడు. మనం నిట్టూర్పు అంటాం. అలా తీసినప్పుడల్లా ఊపిరితిత్తుల అడుగున ముడుచుకోబోతున్న గాలి తిత్తులు మళ్లీ విచ్చుకుంటాయి. ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఇచ్చినప్పుడు పది మందిలో సుమారు తొమ్మిది మందికి ఊపిరితిత్తుల అడుగు భాగం కొంత ముడుచుకుపోతుంది. మెలకువ వచ్చాక లోతుగా పీల్చడంతో, దగ్గడంతో, లేచి కూర్చోవడంతో అది తిరిగి తెరుచుకోవాలి. పొట్ట పైభాగంలో కోత ఉన్నవాళ్లకు సరిగ్గా ఈ మూడు పనులే ప్రాణం పోయేంత నొప్పి పెడతాయి. దగ్గాలంటే పొట్ట కండరాలన్నీ ఒక్కసారిగా బిగుసుకోవాలి. ఆ కండరాలనేగా కోసి కుట్టింది! అందుకే పేషెంటు ఊపిరిని పైపైనే, గబగబా తీస్తాడు. కఫం కిందే పేరుకుంటుంది. మన ఇళ్లలో 'నెమ్ము చేరింది' అంటామే, అక్కడికి దారి ఇదే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. ఇంగ్లండులో విలియం పాశ్చర్ అనే వైద్యుడు (లూయీ పాశ్చర్ కాదు, ఈయన వేరు) 1910లోనే పొట్ట ఆపరేషన్ల తర్వాత ఊపిరితిత్తి భాగాలు ముడుచుకుపోవడం గురించి రాశాడు. 1933లో హెన్రీ బీచర్ అనే అమెరికా వైద్యుడు పొట్ట కోసిన పేషెంట్ల శ్వాసను కొలిచి చూపించాడు. మనిషి నిండుగా పీల్చి, పూర్తిగా వదలగలిగే గాలి, అంటే వైటల్ కెపాసిటీ, పొట్ట పైభాగం ఆపరేషన్ అయిన మొదటి ఒకటి రెండు రోజుల్లో సగానికి, కొందరిలో అంతకన్నా తక్కువకు పడిపోతుంది. మళ్లీ మామూలుకు రావడానికి వారం పైనే పట్టొచ్చు. బొడ్డు కింద కోత అయితే నష్టం తక్కువ, చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ అయితే ఇంకా నయం. కానీ పెద్ద కోత తప్పని పేషెంట్లు ప్రతి వార్డులోనూ ఉంటారు. నేను అడుగుతున్నది ముఖ్యంగా వాళ్ల గురించి.

ఇక మందుల సంగతి. మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటివాటికి నేను వ్యతిరేకిని కాను. అవి లేకపోతే ఎంతోమంది రాత్రి గడవదు. కానీ వాటి పనితీరు నేను రోజూ మంచం పక్కనుంచి చూస్తుంటాను. పడుకున్నప్పటి నొప్పిని అవి బాగా లాగేస్తాయి. దగ్గినప్పటి నొప్పిని అంతగా తగ్గించలేవు. డోసు పెంచితే మగత. మగతలో నిట్టూర్పులు తగ్గుతాయి, దగ్గు తగ్గుతుంది, శ్వాసే మందగిస్తుంది. పేషెంటు హాయిగా నిద్రపోతున్నాడని ఇంట్లోవాళ్లు సంతోషపడుతుంటారు. నేను మాత్రం ఆ ఛాతీ ఎంత కొద్దిగా కదులుతోందో చూసి టెన్షన్ పడుతుంటాను.

లోకల్ అనస్థీషియా మందు దారి వేరు. లిగ్నోకైన్, బుపివకైన్ లాంటివి మెదడును జోకొట్టవు. కోత దగ్గరి నుంచి కబురు మోసుకెళ్లే నరాన్నే కొన్ని గంటలపాటు మొద్దుబారుస్తాయి. మనిషి పూర్తి మెలకువతో ఉంటాడు. దగ్గమంటే దగ్గుతాడు.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే విషయం ఒకటుంది. 1983లో ఫ్రాన్సు పరిశోధకులు పొట్ట పైభాగం ఆపరేషన్ అయిన పేషెంట్లకు ఎపిడ్యూరల్ గొట్టం (వెన్నులో నరాల దగ్గరికి మందు పంపే సన్నటి గొట్టం) ద్వారా ఫెంటనిల్ ఇచ్చి చూశారు. నొప్పి తగ్గింది, డయాఫ్రం, అంటే ఛాతీకి పొట్టకు మధ్య ఉండి ఊపిరి పీల్పించే కండరం, మాత్రం కోలుకోలేదు. అయిదేళ్ల తర్వాత, 1988లో, మరో అధ్యయనంలో అదే తరహా పేషెంట్లకు ఛాతీ ఎత్తున పెట్టిన ఎపిడ్యూరల్లో బుపివకైన్ ఇచ్చారు. ఈసారి డయాఫ్రం కదలిక మెరుగుపడింది. అంటే డయాఫ్రం మందగించడానికి నొప్పి ఒక్కటే కారణం కాదు. కోసిన చోటు నుంచి, లోపల కదిలించిన అవయవాల నుంచి వెళ్లే నరాల సంకేతాలు డయాఫ్రం పనిని అణిచిపెడుతున్నాయి. నొప్పి తెలియకుండా చేస్తే ఆ అణిచివేత పోదు, సంకేతాన్ని దారిలోనే ఆపితే కొంతవరకైనా పోతుంది. మనం నొప్పి మందును సుఖం కోసం ఇస్తున్నామా, ఊపిరి కోసం ఇస్తున్నామా అన్న ప్రశ్న నాకు అక్కడే మొదలైంది.

మీ చేతిలో ఉన్న పద్ధతులు తక్కువేమీ కాదు. కుట్లు వేసేముందు గాయం పొరల్లోకి నేరుగా మందు ఎక్కించడం అన్నిటికన్నా తేలిక, సర్జన్ గారు రెండు నిమిషాల్లో చేసేయగలరు. పొట్ట గోడకు వచ్చే నరాలు కండరాల పొరల మధ్య నుంచి నడుస్తాయి కాబట్టి ఆ పొరలోకి మందు పంపడం ఇంకో దారి. ట్యాప్ బ్లాక్ అనే ఈ పద్ధతి 2001లో వచ్చింది. ఇప్పుడు అల్ట్రాసౌండ్‌లో సూది మొన కనిపిస్తూండగానే చేస్తున్నారు. నడి పొట్టన నిలువు కోత ఉన్నవాళ్లకు రెక్టస్ షీత్ బ్లాక్ ఉంది, అది 1899 నాటిది. వెన్ను దగ్గర పెట్టే ఎపిడ్యూరల్ అన్నిటికన్నా బలమైనది, అన్నిటికన్నా జాగ్రత్త కావాల్సినది కూడా. ఏ పేషెంటుకు ఏది అన్నది మీ నిర్ణయం, అందులో నేను వేలు పెట్టను. నా బాధల్లా ఏదీ లేకుండా పెద్ద కోతతో వార్డుకు వచ్చేవాళ్ల గురించే. ఎందుకు ఇవ్వలేదని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు, "ఆలోచించలేదండీ".

బ్లాక్ ఇచ్చిన చోట కూడా నాకొక ఇబ్బంది ఎదురవుతుంది. నా మట్టుకు నాకు ఈ ఉత్తరంలో ముఖ్యమైన ముక్క ఇదే. ఒక్క ఇంజెక్షన్‌తో ఇచ్చే బ్లాక్ ఏదో ఒక సమయానికి వదిలిపోతుంది. గాయంలో వేసిన బుపివకైన్ ఆరేడు గంటలు పని చేస్తుంది, బ్లాక్ అయితే పది పన్నెండు గంటలు, కొందరికి కాస్త ఎక్కువ. మధ్యాహ్నం రెండింటికి ఇచ్చింది అర్ధరాత్రి దాటాక వదులుతుంది. సాయంత్రం ఆ మనిషిని చూస్తే ముచ్చటేస్తుంది. మంచం మీద కూర్చుని కాళ్లు ఊపుకుంటూ మాట్లాడతాడు. నాతో పాటు పది అడుగులు వేస్తాడు. నొప్పి లేదు కదా అని పారాసెటమాల్ డోసు కూడా ఆపేస్తారు. రాత్రి రెండు గంటలకు ఒక్కసారిగా మొత్తం నొప్పి వచ్చి మీద పడుతుంది. ఆ వేళ వార్డులో ఒక్క సిస్టర్, ముప్ఫై మంచాలు. ఫోన్ చేసి, ఆర్డర్ తీసుకుని, మందు ఎక్కించి, అది పని చేసేసరికి గంటన్నర. ఆ గంటన్నరా పేషెంటు పొట్ట బిగబట్టుకుని పైపైన ఊపిరి తీస్తుంటాడు. పొద్దున నేను వచ్చేసరికి సాయంత్రం చూసిన మనిషి కాడు. "నిన్న బాగానే ఉన్నా కదమ్మా, లోపల ఏమన్నా పాడైందా?" అని భయంగా అడుగుతాడు.

ఏమీ పాడవలేదు. బ్లాక్ వదులుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే. దయచేసి ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాయండి: బ్లాక్ ఎన్నింటికి ఇచ్చారో, సుమారు ఎన్నింటికి వదలొచ్చో. పారాసెటమాల్, ఇవ్వదగినవాళ్లకు డైక్లోఫెనాక్ లాంటి మందులు, నొప్పి ఉన్నా లేకున్నా టైముకు పడేలా ఆర్డర్ పెట్టండి. వీలున్న చోట సన్నటి గొట్టం వదిలి రెండు మూడు రోజులు మందు అందేలా చూడండి. ఎందుకంటే ఊపిరితిత్తులకు గడ్డు కాలం మొదటి రెండు మూడు రోజులు, మొదటి ఎనిమిది గంటలు కాదు.

సిస్టర్లతో ఒక మాట. ఎపిడ్యూరల్ ఉన్న పేషెంటుకు బీపీ తగ్గితే మందు ఎక్కించే పంపు ఆపేస్తారు. అవసరమైతే ఆపాల్సిందే, మీరు చేసేది సరైనదే. కానీ ఆపిన వెంటనే మత్తు డాక్టరుకు కబురు చేసి, దాని బదులు ఏమివ్వాలో అడగండి. ఆపేసిన పంపు మంచం పక్కన తెల్లారేదాకా అలాగే వేలాడుతుంటే, కింద పేషెంటు ఏ మందూ లేకుండా పడి ఉండటం నేను ఒకటికి రెండుసార్లు చూశాను.

రిస్కులు లేవని నేను అనడం లేదు. బుపివకైన్‌కు సాధారణంగా కిలో బరువుకు 2 మిల్లీగ్రాముల దాకా అని లెక్క కడతారు. యాభై కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు, అంటే 0.25 శాతం మందు 40 మిల్లీలీటర్లు. మత్తు డాక్టరు రెండు పక్కలా 20 చొప్పున బ్లాక్ ఇచ్చాక, అది తెలియక సర్జన్ గారు గాయంలో మరో 20 వేస్తే హద్దు దాటినట్టే. మీరిద్దరూ ఒకరికొకరు చెప్పుకుంటే పోయే ప్రమాదం ఇది. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద ఇనుము నాకినట్టు రుచి, చెవుల్లో హోరు అని పేషెంటు అంటే వార్డులో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. ఆ తర్వాత ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. దానికి విరుగుడుగా నరంలోకి ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (కొవ్వు ద్రావణం) ఏ అల్మారాలో ఉందో రాత్రి డ్యూటీవాళ్లకు కూడా తెలిసి ఉండాలి.

ఎపిడ్యూరల్ విషయంలో రక్తం పలచబడే మందుల టైములు, కాళ్లలో బలం తగ్గుతోందా అని చూసుకోవడం, మూత్రం ఆగడం, ఇవన్నీ ఉన్నాయి. కొందరికి అది సరిగ్గా పని చేయదు కూడా. బ్రిటన్‌లో 2009లో వెలువడిన పెద్ద సర్వే లెక్క ప్రకారం ఆపరేషన్ కోసం పెట్టిన ఎపిడ్యూరల్స్‌లో శాశ్వత నష్టం లక్షకు సుమారు 8 నుంచి 17 మందికి. అరుదే. కానీ ఆ ఒక్కరి ఇంట్లో అది అరుదు కాదు కాబట్టి పేషెంటుకు చెప్పే చేయాలి. ఇక లాభం ఎంత? 2002లో అచ్చయిన 'మాస్టర్' అనే అధ్యయనంలో పెద్ద పొట్ట ఆపరేషన్లు చేయించుకున్న, ముందే ఇతర జబ్బులున్న 915 మందిని చూశారు. మరణాలలో తేడా రాలేదు. శ్వాస వైఫల్యం మాత్రం ఎపిడ్యూరల్ పెట్టినవాళ్లలో 23 శాతం, మిగతావాళ్లలో 30 శాతం. ఎపిడ్యూరల్ ప్రాణాలు కాపాడుతుందని నేను ఊదరగొట్టను. వందలో ఏడుగురు ఊపిరి ఆడక విలవిల్లాడకుండా ఉండటం మాత్రం నాకు చాలా పెద్ద విషయం. ఆ ఏడుగురి దగ్గర కూర్చునేది నేనే కాబట్టి.

బ్లాక్ ఇచ్చి వదిలేస్తే సరిపోదు, ఆ గంటల్ని వాడుకోవాలి. నొప్పి లేని ఆ వేళే లేపి కూర్చోబెట్టాలి, దగ్గించాలి, నడిపించాలి. ఇది మా పని. మీరు టైము చెబితే మేం ఆ టైముకే వస్తాం. ఆపరేషన్‌కు ముందే మమ్మల్ని ఒకసారి పేషెంటును కలవనివ్వండి. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనంలో, పొట్ట పైభాగం ఆపరేషన్‌కు ముందు ఫిజియోథెరపిస్టు ఒకే ఒక్కసారి అరగంట కూర్చుని ఊపిరి వ్యాయామాలు నేర్పితే ఊపిరితిత్తుల సమస్యలు 27 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. ఆపరేషన్ అయ్యాక మూడు బంతుల స్పైరోమీటర్ (గాలి పీలిస్తే బంతులు పైకి లేచే ఊపిరి వ్యాయామ పరికరం) చేతిలో పెట్టి "ఇది చేస్తూ ఉండండి" అని వెళ్లిపోతే లాభం లేదు. సగంమంది దాన్ని బుడగలా ఊదుతుంటారు. పీల్చాలని వాళ్లకెవరు చెప్పారు? నొప్పితో, మగతలో ఉన్న మనిషికి కొత్త విషయం ఎక్కదు. ముందురోజే నేర్చుకున్నవాళ్లు మెలకువ రాగానే మొదలుపెడతారు.

కొన్ని నెలల కిందట, కాలేయం ఆపరేషన్ అయిన ఒక అమ్మ దగ్గరికి వెళ్లాను. కుడి పక్కటెముకల కిందుగా పొడవాటి కోత. ముందురోజు అరగంట కూర్చున్నాం ఇద్దరం. ఎపిడ్యూరల్ పని చేస్తోంది. దిండు అదుముకుని, నేను చెప్పకముందే, మూడుసార్లు లోతుగా పీల్చి దగ్గింది. గట్టి దగ్గు, కింది నుంచి వచ్చింది. కఫం టిష్యూలో ఉమ్మి నావైపు చూసి "ఇలాగేనా?" అంది. వీపు మీద స్టెతస్కోపు పెడితే అడుగుదాకా గాలి వినిపించింది.

రేపు రౌండ్స్‌లో మంచం దగ్గరికి వచ్చినప్పుడు, పడుకున్న మనిషిని "నొప్పి ఉందా?" అని అడిగి ముందుకు కదలకండి. తలవైపు ఎత్తించి, దిండు ఇచ్చి, ఒక్కసారి దగ్గమనండి. అప్పుడు వచ్చిన అంకెను చార్టులో రెండో గడి గీసి రాయండి. అది అయిదు దాటితే మత్తు డాక్టరుకు అప్పుడే, మంచం పక్కనుంచే ఫోన్ చేయండి. నేను ఏడున్నరకల్లా వార్డులో ఉంటాను.

ఇట్లు,
మీ వార్డులో పనిచేసే ఒక ఫిజియోథెరపిస్టు